యాప్‌లో తోడు చూసుకుని కారులో డ్యూటీకి వెళ్ళడం ఎలా? గోదావరి జిల్లాల వాళ్ళ కోసం

అమలాపురం నుంచి కాకినాడకు నేను రోజూ కారు పంచుకుని వెళ్తానని తెలిసినవాళ్ళు అడిగేది ఇంచుమించు ఒకటే. "ఎవరో ఏమిటో తెలియనివాళ్ళ కారు ఎలా ఎక్కుతారండీ? ఎంత ఇవ్వాలి? దారిలో పోలీసులు ఆపితే?" ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేకన్నా అంతా ఒకచోట రాసి పెడితే మేలని కూర్చున్నాను. మొదటి రెండు నెలల్లో నేను ఇబ్బంది పడి నేర్చుకున్నవే ఇందులో ఎక్కువ. ప్రయాణికుడిగా మొదలుపెట్టేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. సొంత కారులో సీట్లు ఇవ్వాలనుకునేవాళ్ళకు చివర్లో విడిగా చెప్తాను.

ముందు ఇది మీకు అవసరమో కాదో చూసుకోండి

భీమవరం, పాలకొల్లు, తణుకు వైపు వాళ్ళు మొదట రైలు టైములు చూడండి. మీ డ్యూటీకి సరిపోయే రైలు ఉంటే దానికి మించింది లేదు. కోటిపల్లి-నరసాపురం లైను ఇంకా పూర్తి కాలేదు కాబట్టి అమలాపురం వాళ్ళకు ఆ అవకాశం లేదు. ఆడవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. బస్సు మీ ఇంటి దగ్గర ఆగి, మీ ఆఫీసు దగ్గర టైముకి దింపుతుంటే కారు కోసం నెలకు వేలు పెట్టకండి.

కారు పంచుకోవడం పనికొచ్చేది రెండు సందర్భాల్లో. ఒకటి, మీరు రావులపాలెంలోనో ముమ్మిడివరంలోనో బస్సు మారాల్సి వచ్చి, ఆ మారే దగ్గరే అరగంట పోతున్నప్పుడు. రెండోది, సాయంత్రం పని ఆలస్యమై, నిలబడటానికి కూడా చోటులేని బస్సులో రోజూ తిరిగి రావలసి వస్తున్నప్పుడు. నాది రెండో కథ.

కావలసినవి

- కెమెరా, జీపీఎస్ సరిగ్గా పనిచేసే ఫోను, అందులో మీ పేరు మీదే ఉన్న నంబరు.
- యాప్‌లో గుర్తింపు కోసం ఆధార్ గానీ, డ్రైవింగ్ లైసెన్సు గానీ. ఇది యాప్‌కి మాత్రమే. కారు ఆయన వాట్సాప్‌లో అడిగినా ఆధార్ ఫొటో పంపకండి.
- ఎంపరివాహన్ యాప్. బండి నంబరు కొట్టి వివరాలు చూసుకోవడానికి.
- యూపీఐ, దానితోపాటు చిల్లర. ఏటిగట్టు పక్క ఊళ్ళలో ఒక్కోసారి సిగ్నల్ ఉండదు. పదులు, ఇరవైలు కలిపి ఒక రెండు వందలు బ్యాగులో ఉంచుకోండి.
- ఇంట్లో ఒక మనిషి. మీ లొకేషన్ చూస్తూ, అరగంట ఆలస్యమైతే మీకు ఫోన్ చేసే మనిషి. భార్యో, తమ్ముడో, పక్కింటి పిన్నిగారో ఎవరైనా సరే, ముందే చెప్పి ఒప్పించుకోండి.
- ఆడవాళ్ళయితే ఆంధ్రప్రదేశ్ పోలీసుల శక్తి యాప్. అత్యవసర నంబరు 112 ఎవరికైనా, ఎక్కడైనా పనిచేస్తుంది. యానాం పుదుచ్చేరిది కదా అని కంగారు అక్కర్లేదు, అక్కడా అదే నంబరు.

1. యాప్ ఎంచుకోండి

తొందరపడి నాలుగైదు యాపులు ఎక్కించుకోకండి. బ్లాబ్లాకార్ ఫ్రాన్సు వాళ్ళది, మన దేశానికి 2015లో వచ్చింది. ఊరి నుంచి ఊరికి వెళ్ళేవాళ్ళకు అది కుదురుతుంది. క్విక్‌రైడ్ బెంగళూరులో పుట్టినది, పెద్ద నగరాల్లో ఆఫీసులకు వెళ్ళేవాళ్ళ కోసం చేసినది. మన వైపు కాకినాడ, రాజమండ్రి, భీమవరం లాంటి ఊళ్ళ మధ్య నాకు మనుషులు దొరికింది ఊరి నుంచి ఊరికి నడిచే యాపులోనే.

వరుసగా మూడు రోజులు, మీరు బయలుదేరే టైముకి వెతికి చూడండి. రోజూ కనీసం ఒక కారు కనిపిస్తే ఆ యాప్ మీకు పనికొస్తుంది. మూడు రోజులూ ఖాళీగా ఉంటే ఇంకోటి చూడండి.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అంబాజీపేట వాళ్ళు అంబాజీపేట అని, జొన్నాడ వాళ్ళు జొన్నాడ అని వెతికి, "మా ఊరి నుంచి ఒక్క కారూ లేదు" అని మానేస్తారు. కారు పెట్టే ఆయన అమలాపురం నుంచి కాకినాడ అనో, రావులపాలెం నుంచి రాజమండ్రి అనో మాత్రమే రాస్తాడు. మీరు కూడా ఆ పెద్ద ఊరి పేరే కొట్టండి. మీ ఊరు ఆయన దారిలో ఉంటే మెసేజ్ పెట్టి అడగొచ్చు. రాజమండ్రి దొరక్కపోతే రాజమహేంద్రవరం అని కొట్టి చూడండి, రెండు పేర్లకూ వేరువేరు ఫలితాలు వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

హెచ్చరిక: ముందుగా వాలెట్‌లో డబ్బు వేయమనే యాప్ అయితే ఆగండి. అనుమతి లేకుండా వాలెట్ నడుపుతోందని ఒక కార్‌పూల్ యాప్ గురించి 2022 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకే జనాన్ని హెచ్చరించింది. దిగేటప్పుడు మనిషికి మనిషి ఇచ్చుకునే పద్ధతి ఉన్న యాపే మనకు మంచిది.

2. మీ వివరాలు నమ్మేలా పెట్టండి

మీరు అవతలివాళ్ళను ఎలా చూస్తారో వాళ్ళూ మిమ్మల్ని అలాగే చూస్తారు. పువ్వు ఫొటో, దేవుడి ఫొటో, పాప ఫొటో పెడితే సీటు ఇవ్వరు. ముఖం తెలిసే ఫొటో, పేరు, "కాకినాడలో ఉద్యోగం, సోమవారం నుంచి శనివారం వరకు వెళ్తాను" అని ఒక వాక్యం చాలు. ఇంటి నంబరు, వీధి పేరు, ఏ గదిలో కూర్చుంటారో అంత లోతు వద్దు. ఆడవాళ్ళు తమ కోసం ఆడవాళ్ళు మాత్రమే ఉండే ప్రయాణాలను వెతుక్కునే ఏర్పాటు కొన్ని యాపుల్లో ఉంది, చూసుకోండి.

3. కారునూ మనిషినీ చూసుకోండి

సీటు అడిగే ముందు ఇవి చూడండి.

యాప్‌లో గుర్తింపు పూర్తయిందని చూపించే గుర్తు ఉందా? ఇంతకుముందు ఎక్కినవాళ్ళు ఏం రాశారు? నక్షత్రాల కన్నా మాటలు చదవండి. "టైముకి వచ్చారు", "నిదానంగా నడిపారు" అని ఇద్దరు ముగ్గురు రాసి ఉంటే అది అయిదు నక్షత్రాల కన్నా ఎక్కువ.

తరవాత బండి నంబరు అడిగి ఎంపరివాహన్‌లో కొట్టండి. యజమాని పేరు సగం చుక్కలతో కనిపిస్తుంది, అది మామూలే. మీరు చూడాల్సింది మూడు: బండి మోడల్ యాప్‌లో చెప్పినదేనా, ఇన్సూరెన్సు తేదీ దాటిపోలేదా, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందా. కారు వాళ్ళ నాన్నగారి పేరు మీదో, మావగారి పేరు మీదో ఉండొచ్చు. అడిగితే మామూలుగా చెప్పేస్తారు. చెప్పడానికి నసిగితే ఆ కారు వదిలేయండి.

ఆపైన ఒక్కసారి ఫోన్ చేయండి. "మీరు రోజూ ఈ దారినే వెళ్తారా అండి? ఎన్నింటికి బయలుదేరి ఎన్నింటికి చేరతారు? కారులో ఇంకెవరుంటారు?" అంతే. నిజంగా రోజూ వెళ్ళే మనిషి తడుముకోడు. "ఏడుంబావుకి బయలుదేరతానండి, ఎదుర్లంక వంతెన ఎనిమిదికల్లా దాటేస్తాం" అని గడగడా చెప్పేస్తాడు. ఎంతమంది వస్తారో, ఎప్పుడు బయలుదేరతాడో తేల్చకుండా "ముందు మీరు రండి, చూద్దాం" అనేవాడు సీట్లు నిండాకే కదులుతాడని అర్థం.

నంబరు పలక రంగు కూడా చూడండి. తెల్ల పలక మీద నల్ల అక్షరాలుంటే సొంత బండి. పసుపు పలకయితే ట్యాక్సీ. ఖాళీగా తిరిగి వెళ్ళే ట్యాక్సీ వాళ్ళు కూడా యాపులో సీట్లు పెడుతుంటారు. అందులో తప్పేమీ లేదు, కానీ అది కిరాయి బండి. రోజువారీ డ్యూటీకి దాన్ని నమ్ముకోకండి.

4. డబ్బు ముందే తేల్చుకోండి

పంచుకోవడం అంటే ఖర్చు పంచుకోవడం. లెక్క ఇలా వేయండి. పోను 64 కిలోమీటర్లు, కారు లీటరుకు 16 ఇస్తుంది, పెట్రోలు లీటరు 110 రూపాయలు అనుకుందాం. నాలుగు లీటర్లు, అంటే 440. టైర్లు, సర్వీసు కింద ఇంకో 60 కలిపితే 500. కారు ఆయనతో కలిపి నలుగురుంటే మనిషికి 125.

కారు ఆయనను లెక్కలోంచి తీసేసి ముగ్గురి మీదే మొత్తం వేస్తే మనిషికి 166 పైన పడుతుంది. అదీ కొందరు ఒప్పుకుంటారు, కారు ఆయన కష్టపడి నడుపుతున్నాడు కదా అని. అది మీ ఇష్టం. కానీ అంతకు మించి అడిగితే అది లాభానికి నడిపే బండి, దాని చిక్కులు వేరు. కింద చెప్తాను.

సీటు ఖాయం చేయాలంటే అడ్వాన్సు పంపమని, క్యూఆర్ స్కాన్ చేయమని, "మీకు తిరిగి వేస్తాను, పిన్ కొట్టండి" అని ఎవరన్నా అంటే వెంటనే ఆపేయండి. మనకు డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. ఒకవేళ పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

5. ఎక్కే చోటు: అన్నిటికన్నా ఇదే ముఖ్యం

దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన డెల్టాలో ప్రయాణాలు చెడేది ఇక్కడే.

మన ఊళ్ళన్నీ కాలవల పక్కన ఉంటాయి. కాలవకు రెండు గట్లు, రెండు గట్ల మీదా రోడ్లు. ఫోను మ్యాప్‌లో గుర్తు పెట్టేటప్పుడు వేలు రవ్వంత జరిగితే చాలు, గుర్తు అవతలి గట్టు మీద పడుతుంది. నాకు రెండో రోజే జరిగింది. నేను ఇటు గట్టు మీద కొబ్బరి బొండాల బండి పక్కన నిలబడ్డాను. కారు అటు గట్టు మీద వచ్చి ఆగింది. మధ్యలో కాలవ, అందులో గుర్రపుడెక్క పేరుకుని ఉంది. డ్రైవరు ముఖం కూడా కనిపిస్తోంది, చెయ్యి ఊపుతున్నాడు. కానీ దాటాలంటే వంతెన అరకిలోమీటరు అవతల ఉంది. అప్పటికే వెనక సీట్లో కూర్చున్న ఇద్దరికీ ఎనిమిదిన్నరకు హాజరు వేయాలి. నేను బ్యాగు పట్టుకుని పరిగెత్తేసరికి పది నిమిషాలు పోయాయి. కారెక్కాక ఎవరూ ఏమీ అనలేదు, కానీ ఆ పది నిమిషాలు నా వల్లేనని దారంతా మనసు పీకుతూనే ఉంది.

అందుకని లొకేషన్ ఒక్కటీ పంపి ఊరుకోకండి. మాటల్లో కూడా చెప్పండి. నాలుగు సంగతులు ఉండాలి: కాలవకు ఏ పక్క, కారు వెళ్ళే దిక్కుకు ఎడమా కుడా, పక్కన కనిపించే గుర్తు ఏమిటి, మీ చేతిలో ఏముంది. నేను ఇప్పటికీ కొత్తవాళ్ళకు పంపే మెసేజ్ ఇది:

"నమస్తే అండి. రేపు ఉదయం 7:15కి అమలాపురం నుంచి కాకినాడకు ఒక సీటు కావాలి. కాకినాడ వైపు వెళ్ళేటప్పుడు మీకు ఎడమ పక్క, కాలవ దాటాక వచ్చే పెట్రోలు బంకు గేటు దగ్గర ఉంటాను. చేతిలో నీలం బ్యాగు. ఒక్కడినే, వేరే సామాను లేదు. దిగేటప్పుడు యూపీఐలో ఇస్తాను. సరేనా అండి?"

ఇంకో రెండు జాగ్రత్తలు. "సెంటర్‌లో ఉంటాను" అనకండి. ప్రతి ఊళ్ళోనూ మూడు సెంటర్లుంటాయి. "వంతెన దగ్గర" అని కూడా అనకండి, అమలాపురంలోనే నల్లవంతెన ఒకటి, ఎర్రవంతెన ఒకటి. వంతెన దిగే చోట కారు ఆపమనడం ప్రమాదం, వెనక వచ్చే లారీకి కనబడదు. బంకు, బస్ షెల్టరు, వెడల్పుగా ఉన్న ఆసుపత్రి గేటు, ఇలాంటివి చూసుకోండి. ఆడవాళ్ళు ఇంటి గుమ్మం దగ్గరకు కారు పిలవకండి. నాలుగు అడుగులు నడిచినా నలుగురు తిరిగే చోటే ఎక్కడం మంచిది. మీ ఇల్లు ఏదో మొదటి రోజే అందరికీ తెలియక్కర్లేదు.

ఇక, "ఇదిగో వచ్చేశానండి" అనే మాట. మన వైపు ఈ మాటకు అర్థం బండి స్టార్ట్ చేశానని కావచ్చు, స్నానానికి వెళ్తున్నానని కూడా కావచ్చు. బయలుదేరాక లైవ్ లొకేషన్ పెట్టమని మర్యాదగా అడగండి. మీరూ పెట్టండి.

6. మొదటి రోజు కారెక్కేటప్పుడు

మొదటి ప్రయాణం ఉదయం పూటే పెట్టుకోండి, వెలుగులో. సాయంత్రానికి తిరుగు ప్రయాణం అదే కారులో ఖాయం చేసుకోకండి. ఉదయం ఎలా జరిగిందో చూసి నిర్ణయించుకోండి.

కారు ఆగగానే నంబరు చూడండి. మీకు చెప్పిన నంబరు కాకపోతే, "ఈ రోజు మా బావమరిది కారు తెచ్చానండి" అన్నా సరే, మొదటి రోజు ఎక్కకండి. నంబరు సరిపోతే ఫొటో తీసి ఇంట్లోవాళ్ళకు పంపండి. డ్రైవరు ముందే తీయండి, దాచుకుని కాదు. "ఇంట్లో అడుగుతారండి" అంటే ఎవరూ తప్పుగా అనుకోరు.

వెనక తలుపు తెరిచినప్పుడు దాని అంచు మీద, తాళం పడే చోట, చిన్న మీట ఉంటుంది. పిల్లలు లోపలి నుంచి తలుపు తీయకుండా వేసే లాక్ అది. అది వేసి ఉంటే మీరూ లోపలి నుంచి తీయలేరు. కొన్ని కార్లలో తాళంచెవి దూర్చి తిప్పే చిన్న గాడిలా ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంటి కారైతే మరిచిపోయి వదిలేసి ఉండొచ్చు. "లాక్ తీయరా అండి" అని అడగండి. మా కారులో వచ్చే టీచరు గారు నాకు నేర్పింది ఇది. అప్పటిదాకా నేను ఎన్ని కార్లు ఎక్కినా ఆ అంచు వైపు చూడలేదు.

బెల్టు వెనక సీట్లో కూడా పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే 1000 రూపాయల జరిమానా ఉంది. మన కాలవ గట్టు రోడ్ల మీద జరిమానా సంగతి పక్కన పెట్టినా బెల్టు ఉండాల్సిందే. డ్రైవరు నిద్ర మొహంతో ఉన్నా, మందు వాసన వచ్చినా, ఫోనులో మాట్లాడుతూ నడుపుతున్నా మొహమాటపడకండి. ఊరు దాటకముందే, మనుషులున్న చోట దిగిపోండి. అప్పటివరకు అయిన డబ్బు ఇచ్చేయండి. ఆ తరవాత బస్సు ఉంది, ఆలస్యమైతే అయింది.

7. దారిలో

కాకినాడ దారిలో యానాం ఉంది. అక్కడ పెట్రోలు మన కంటే తక్కువ ధర కాబట్టి దాదాపు ప్రతి కారూ బంకులోకి తిరుగుతుంది. బంకులో వరుస ఉంటే పది నిమిషాలు. మీ టైము లెక్కలో అది ముందే కలుపుకోండి, లేదా సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు కొట్టించమని అడగండి. మేము అలాగే చేస్తాం.

యానాం గురించే ఇంకో గట్టి హెచ్చరిక. అక్కడి నుంచి మందు సీసాలు మన వైపు తేవడం నేరం. తనిఖీలో దొరికితే మీ బ్యాగులో ఉన్నదానికి కారు కూడా పట్టుకుంటారు, నడిపిన ఆయన కేసులో ఇరుక్కుంటాడు. ఒక్క సీసాయే కదా అని ఎవరి కారులోనూ పెట్టకండి. మీ కారులో ఎవరినీ పెట్టనివ్వకండి.

చేపలు, రొయ్యలు, పనసపండు, ఇలాంటివి తెచ్చేటట్టయితే ముందే చెప్పండి. సీఎన్‌జీ కారైతే డిక్కీలో సిలిండరు ఉంటుంది, చోటుండదు. వరద రోజుల్లో పులస దొరికిందని ఒకాయన సంచిలో చుట్టి తెచ్చారు. ఆయన సంతోషం మాకు అర్థమైంది, కానీ సీటుకి పట్టిన వాసన వారం దాకా పోలేదు. అప్పటి నుంచి మూత గట్టిగా ఉన్న డబ్బా అయితేనే సరే అనుకున్నాం.

మాటల సంగతి. మన వైపు మాట కలపడం "ఏ ఊరండీ?" తో మొదలవుతుంది, "ఎవరి తాలూకండీ?", "ఇంటిపేరేంటండీ?" దాకా వెళ్తుంది. చాలామంది అలవాటుగా అడుగుతారు. కానీ ఆ ప్రశ్న వెనక కులం తెలుసుకోవాలన్న ఆరా ఉంటుందని మనందరికీ తెలుసు, అది కొందరికి చాలా కష్టం కలిగిస్తుంది. మీరు అడగకండి. మిమ్మల్ని అడిగితే "అమలాపురమేనండి" అని మాట మార్చేయండి. రాజకీయాలు కూడా పొద్దున్నే వద్దు. పాటలు పెట్టుకుంటే చిన్నగా. ఎవరికన్నా నిద్ర పడితే పడనివ్వండి.

8. దిగాక

డబ్బు దిగే ముందే పంపించి, "పడిందా అండి?" అని అడగండి. సిగ్నల్ లేకపోతే చిల్లర ఇవ్వండి. ఇంట్లో ఆ మనిషికి "చేరాను" అని మెసేజ్ పెట్టండి. ఇది మొదటి వారం అందరూ చేస్తారు, రెండో వారం మానేస్తారు. మానకండి.

అదే రోజు యాప్‌లో రెండు మాటలు రాయండి. బాగుంటే బాగుందని, లేకపోతే ఏం బాగోలేదో మర్యాదగా. మీ తరవాత ఎక్కే ఆడపిల్ల చదివేది ఆ రెండు మాటలే.

9. రోజువారీ జట్టు కట్టుకోవడం

ఒకే మనిషితో నాలుగైదు ప్రయాణాలు సవ్యంగా జరిగాకే రోజూ వెళ్దామనే మాట ఎత్తండి. నలుగురు దొరికితే నాలుగు నియమాలు మొదటి రోజే అనుకోండి. మేము అనుకున్నవి ఇవి: ఎవరి కోసమైనా అయిదు నిమిషాలే ఆగుతాం. రేపు రానంటే రాత్రి తొమ్మిదిలోపు చెప్పాలి, చెప్పకపోతే ఆ రోజు వాటా ఇవ్వాలి. కారులో తినడం, తాగడం లేదు. కొత్త మనిషిని తీసుకురావాలంటే అందరినీ అడగాలి.

లెక్క ఏ పూటకాపూట అయినా ఫరవాలేదు, నెలకోసారైనా ఫరవాలేదు, కానీ రాసి ఉంచాలి. మా గ్లవ్ బాక్సులో చిన్న నోటు పుస్తకం ఉంది. తేదీ, ఎవరి కారు, ఎవరెవరు వచ్చారు, అంతే. ఇద్దరికి కార్లున్నాయి కాబట్టి వారం వాళ్ళది, వారం వీళ్ళది. కార్లు మార్చుకుంటే డబ్బు చేతులు మారడం కూడా తగ్గుతుంది.

సొంత కారులో సీట్లు ఇచ్చేవాళ్ళకు

తెల్ల పలక బండిని కిరాయికి తిప్పడానికి పర్మిట్ లేదు. ఖర్చు పంచుకోవడం వేరు, కిరాయి వేరు. 2020 నవంబరులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో, రాష్ట్రం వద్దంటే తప్ప, సొంత బండిలో ప్రయాణం పంచుకోవడానికి చోటిచ్చారు. యాప్ ద్వారా అయితే బండికి రోజుకు ఊళ్ళో 4 ట్రిప్పులు, ఊరి నుంచి ఊరికి వారానికి 2 అని హద్దు కూడా పెట్టారు. 2025 జులైలో మళ్ళీ కొత్తవి వచ్చాయి. ఇవి అమలయ్యేది రాష్ట్రం చేతిలో ఉంది కాబట్టి, కారు పెట్టే ముందు మీ ఆర్టీవో ఆఫీసుకు వెళ్ళి ఇప్పటి నియమం అడిగి తెలుసుకోండి.

ఇన్సూరెన్సు కాగితం తీసి చదవండి. సొంత కారు పాలసీలో కిరాయికి వాడితే వర్తించదని రాసి ఉంటుంది. మీరు పెట్రోలు వాటా తప్ప లాభం తీసుకోవడం లేదని చూపించుకోవాలంటే పైన చెప్పిన నోటు పుస్తకమే ఆధారం. నాలుగు సీట్ల మీద నెలకు ఇంత మిగులుతుంది అని లెక్క వేయడం మొదలుపెట్టారంటే ట్యాక్సీ పర్మిట్ తీసుకోవడమే సరైన దారి.

మీరూ ప్రయాణికుణ్ణి చూసుకోండి: ఫొటో, ముందు కార్లవాళ్ళు రాసిన మాటలు, ఒక ఫోన్ కాల్. సీటు అడిగింది ఒకరు, వచ్చి నిలబడింది ఇంకొకరు అయితే ఎక్కించుకోకండి.

తరచూ జరిగే పొరపాట్లు

యాప్‌లో రద్దు చేసి నేరుగా రమ్మంటే మొదటి రోజే ఒప్పేసుకోవడం. అలా చేస్తే మీరు ఎవరి కారు ఎక్కారో ఎక్కడా నమోదు ఉండదు. పరిచయం కుదిరాక నేరుగా వెళ్ళొచ్చు, మొదటి నాలుగైదు సార్లు మాత్రం యాప్ ద్వారానే.

ఆఫీసు తొమ్మిదిన్నరకైతే తొమ్మిదీ ఇరవైకి చేరే కారు పట్టుకోవడం. కనీసం అరగంట ముందు చేరేది చూసుకోండి.

ఇంకొకటి మొహమాటం. కారు వేగంగా పోతోంది, భయమేస్తోంది, అయినా పెద్దాయన కదా అని నోరు విప్పరు. "కొంచెం నిదానంగా పోనివ్వండి బాబాయ్ గారు, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంటే చాలు, ఎవరి మనసూ నొచ్చుకోదు.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

నెలాఖరున పుస్తకం తీసి మూడు లెక్కలు చూడండి. ఎన్ని రోజులు టైముకి చేరారు? ఎన్నిసార్లు ఆఖరి నిమిషంలో రద్దయింది? బస్సుకన్నా ఎంత ఎక్కువయింది, దానికి ఎంత సమయం మిగిలింది? పాతిక రోజుల్లో ఆలస్యం రెండు మూడు రోజులకు మించితే టైము మార్చండి, లేదా మనిషిని మార్చండి. రద్దులు నాలుగు దాటితే ఆ జట్టు నిలబడదు. ఇంకో లెక్క పుస్తకంలో ఉండదు. రేపు ఆ కారు ఎక్కాలంటే రాత్రి టెన్షన్‌గా ఉందా? ఉంటే కారణం దొరక్కపోయినా మానేయండి.

కాలాన్ని బట్టి మార్పులు

డిసెంబరు, జనవరి పొద్దుటి పూట గోదారి మీద మంచు దట్టంగా పడుతుంది. ఎదుర్లంక వంతెన మీద ముందు బండి ఎర్ర లైటు తప్ప ఏమీ కనిపించని రోజులుంటాయి. ఆ రెండు నెలలూ పావుగంట ముందు బయలుదేరండి. కోతలప్పుడు రోడ్డుకు ఒక పక్కన ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెడతారు. చీకటి పడ్డాక ఆ రాళ్ళు కనబడవు, కాబట్టి సాయంత్రం తిరుగు ప్రయాణం చీకటి పడకముందే అయ్యేలా చూసుకోండి. సంక్రాంతి వారం ఎవరి కారూ ఖాళీ ఉండదు, సెలవో బస్సో ముందే అనుకోండి.

జులై, ఆగస్టుల్లో వరద వస్తే లంక ఊళ్ళ కాజ్‌వేలు మునుగుతాయి, కోటిపల్లి-ముక్తేశ్వరం, నరసాపురం-సఖినేటిపల్లి పంటులు (ఏరు దాటించే పెద్ద పడవలు) ఆపేస్తారు. పంటు దాటి కారు పట్టుకునేవాళ్ళు ధవళేశ్వరం దగ్గర ఎన్నో ప్రమాద హెచ్చరిక ఉందో రాత్రే వార్తల్లో చూసి, రేవు దగ్గరకు రాలేకపోతే కారు ఆయనకు అప్పుడే చెప్పేయండి. ఆరోజుల కోసం మీ డిపో ఎంక్వయిరీ నంబరు, మీ ఊరికి సాయంత్రం ఆఖరి బస్సు టైము ఒక కాగితం మీద రాసి బ్యాగులో పెట్టుకోండి. ఫోను చార్జింగ్ అయిపోయిన రోజు ఆ కాగితమే పనికొస్తుంది.